అష్టాంగ యోగం: ఎనిమిది అంగాల పరిచయం, సాధన క్రమం, ప్రయోజనాలు

#1 వేకువచుక్క
అందరికీ నమస్కారం. అష్టాంగ యోగం మీద కొత్తవాళ్ల ప్రశ్నలు చాలావరకు ఆసనాల దగ్గరే ఆగిపోతున్నాయి. ఎనిమిది అంగాలనూ ఆచరణకు పనికొచ్చేలా ఒకేచోట మాట్లాడుకుందాం.

మూలం పతంజలి యోగసూత్రాలు. సమాధి, సాధన, విభూతి, కైవల్యం అని నాలుగు పాదాలు. పాఠాన్ని బట్టి 195 లేదా 196 సూత్రాలు. అష్టాంగాల పట్టీ సాధన పాదం 29వ సూత్రంలో ఉంది: యమం, నియమం, ఆసనం, ప్రాణాయామం, ప్రత్యాహారం, ధారణ, ధ్యానం, సమాధి. మొదటి ఐదింటి వివరణ ఆ పాదంలోనే అయిపోతుంది. చివరి మూడూ విభూతి పాదం మొదట్లో వస్తాయి, మూడింటికీ కలిపి సంయమం అని పేరు.

ముందే ఒక మాట. స్టూడియోల్లో 'అష్టాంగ క్లాసు' అంటే చాలాసార్లు మైసూరులో కె. పట్టాభి జోయిస్ (1915–2009) నేర్పిన అష్టాంగ విన్యాస పద్ధతి. ఆయన గురువు తిరుమలై కృష్ణమాచార్య (1888–1989). అది ప్రధానంగా మూడో అంగం మీద కట్టుకున్న శిక్షణ. ఇక్కడ రెండింటి గురించీ రాయొచ్చు, దేని గురించి అంటున్నారో చెప్పి రాయండి చాలు.

#2 నిదానమే
యమనియమాలతో నేను మొదలుపెడతాను, ఎందుకంటే అందరూ వీటిని ఒక్క వాక్యంలో దాటేస్తారు.

యమాలు ఐదు: అహింస, సత్యం, అస్తేయం (దొంగిలించకపోవడం), బ్రహ్మచర్యం, అపరిగ్రహం (అవసరానికి మించి పోగేసుకోకపోవడం). నియమాలు ఐదు: శౌచం (శుభ్రత), సంతోషం, తపస్సు, స్వాధ్యాయం (శాస్త్రాల అధ్యయనం), ఈశ్వరప్రణిధానం (ఈశ్వరుడికి సమర్పించుకోవడం). యమాలు ఎదుటివాళ్లతో మనం మెలిగే తీరు, నియమాలు మనతో మనం మెలిగే తీరు.

పదింటినీ ఒకేసారి పట్టుకుంటే ఒక్కటీ నిలవదు. ఒక యమం, ఒక నియమం తీసుకుని నెల రోజులు వాటినే చూసుకోవడం మేలు. ఉదాహరణకు సత్యం తీసుకుంటే, రాత్రి పడుకునే ముందు ఆ రోజు ఎక్కడ మాట మార్చామో రెండు వరుసలు రాసుకోవాలి. తీర్పు అక్కర్లేదు, రాసుకుంటే చాలు. చెడు ఆలోచన గట్టిగా లాగినప్పుడు పతంజలి చెప్పిన ఉపాయం ప్రతిపక్షభావన (2.33, అంటే రెండో పాదం 33వ సూత్రం). కోపంలో ఒక సందేశం పంపబోతున్నాం అనుకోండి, 'ఇది పంపాక ఏమవుతుంది, ఎవరికి ఎంత బాధ' అని ఫలితం దాకా ఆలోచించడం అన్నమాట. కోపం రాకూడదని బిగబట్టుకోవడం వేరు, ఇది వేరు.

అహింసకు మ్యాట్ మీద కూడా పని ఉంది. మోకాలు వద్దంటున్నా పద్మాసనంలోకి లాగడం హింసే.

#3 ప్రశ్నలపుట్ట
యమనియమాలు పూర్తిగా పట్టుబడ్డాకే ఆసనాలకు వెళ్లాలని కొందరు గట్టిగా చెప్తారు కదండీ. అలాగైతే ఈ జన్మకు ప్రాణాయామం దాకా వచ్చేదెవరు? ఇవి మెట్లా, కాదా?

#4 సూత్రధారి
మెట్లని సూత్రం అనలేదు, అంగాలు అంది. ఒక అంగం పూర్తయ్యాకే రెండోది పెరగదు. అయితే కొన్నిచోట్ల వరుస ఉన్నమాట నిజమే. ప్రాణాయామం గురించి చెప్పేటప్పుడు 'తస్మిన్ సతి' అని మొదలవుతుంది (2.49), అంటే ఆసనం కుదిరాక. ధారణ నుంచి సమాధి దాకా కూడా ఒకదాని మీద ఒకటి ఆధారపడినవే. యమనియమాలకు మాత్రం అలాంటి గేటు ఎక్కడా పెట్టలేదు.

హఠయోగ గ్రంథమైన హఠయోగ ప్రదీపిక యమనియమాల్ని ముందు తలుచుకుని, హఠానికి ఆసనమే మొదటి అంగమని దానితోనే మొదలుపెడుతుంది. కాబట్టి ఉదయం అరగంట ఆసన ప్రాణాయామాలు, మిగతా రోజంతా యమనియమాలు. రెండూ సమాంతరంగా నడిపేవాళ్లే నిలబడతారు.

#5 నిదానమే
సూత్రధారి గారూ, ఒప్పుకుంటాను. కానీ 'సమాంతరంగా' అనే మాట చాటున రెండోది జారిపోవడమే ఎక్కువ జరుగుతోంది. అందుకే రాసుకోమన్నాను.

#6 కూర్చునేకళ
ఆసనం గురించి. పతంజలి దీనికిచ్చిన సూత్రాలు మూడే. స్థిరంగా, సుఖంగా ఉండేది ఆసనం (2.46). ప్రయత్నాన్ని సడలించడం వల్ల, అనంతంలో మనసు నిలపడం వల్ల అది సిద్ధిస్తుంది (2.47). అప్పుడు చలి, వేడి లాంటి ద్వంద్వాలు దెబ్బకొట్టవు (2.48). యోగసూత్రాల వ్యాఖ్యానమైన వ్యాసభాష్యం పద్మాసనం, వీరాసనం, దండాసనం లాంటివి పేర్కొంటూ సోపాశ్రయం అని కూడా చేర్చింది, అంటే ఆనుకోవడానికి ఆధారంతో కూర్చోవడం. గోడకో కుర్చీకో ఆనుకుంటే అది యోగం కాదనేవాళ్లకు ఇది చూపించండి.

నేల మీద ఎక్కువసేపు కూర్చోవాలంటే చూసుకోవాల్సినవి:

తుంటి మోకాళ్ల కంటే పైన ఉండాలి. మామూలు బాసింపట్టులో మోకాళ్లు తుంటి కంటే ఎత్తులో ఉంటే నడుము వెనక్కి వంగి గూని పడుతుంది, పది నిమిషాలకే వీపు లాగుతుంది. గట్టి దుప్పటి మడిచి 5 నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తు చేసి దాని అంచు మీద కూర్చోవాలి. మధ్యలో కాదు, అంచు మీద. అప్పుడే కటి కొంచెం ముందుకు వాలి వెన్ను తనంతట తాను నిలబడుతుంది. మెత్తటి దిండు పనికిరాదు, కూర్చున్న కాసేపటికి కుంగిపోతుంది.

అప్పటికీ మోకాళ్లు గాల్లో వేలాడుతుంటే వాటి కింద చెరో మడత పెట్టాలి. వేలాడే మోకాలు తొడ కండరాన్ని విశ్రాంతి తీసుకోనివ్వదు.

పాదం తిమ్మిరెక్కడం మామూలే. ఎక్కువగా మోకాలి బయటి పక్క కిందుగా వెళ్లే నరం నొక్కుకుపోవడం వల్ల వస్తుంది. మడమల్ని ఒంటికి అంత దగ్గరగా లాక్కోకుండా కాస్త ముందుకు జరిపితే తగ్గుతుంది. లేచాక కొన్ని నిమిషాలైనా స్పర్శ రాకపోతే, పాదం పైకి ఎత్తడం కష్టమైతే, అలా కూర్చోవడం మానేసి కుర్చీ వాడాలి. కుర్చీలో అయితే పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి, వీపు ఆనుకున్నా నిటారుగానే ఉండాలి.

5 నిమిషాలతో మొదలుపెట్టి వారానికి 2 నిమిషాల చొప్పున పెంచండి.

#7 విన్యాసం9
ఇక మైసూరు పద్ధతి. మొత్తం ఆరు ఆసనాల వరుసలు. మొదటిది యోగ చికిత్స, రెండోది నాడీశోధన, మిగతా నాలుగూ స్థిరభాగం. మొదటి వరుసతోనే ఏళ్లు గడుస్తాయి, తొందరేం లేదు. కదలిక, శ్వాస, దృష్టి మూడూ కలిసి ఉండాలన్నదే ఇందులో అసలు పాఠం. దాన్ని త్రిస్థానం అంటారు.

సూర్యనమస్కారం 'ఎ'లో తొమ్మిది విన్యాసాలు, అంటే శ్వాసతో కలిపిన కదలికలు. సమస్థితిలో (పాదాలు కలిపి నిటారుగా) నిలబడి:
1. పూరకం (ఊపిరి పీల్చడం): చేతులు పైకి, చూపు బొటనవేళ్ల మీద.
2. రేచకం (ఊపిరి వదలడం): ముందుకు వంగి అరచేతులు పాదాల పక్కన. అందకపోతే మోకాళ్లు వంచాలి.
3. పూరకం: తల, ఛాతీ ఎత్తి వీపు నిటారుగా.
4. రేచకం: పాదాలు వెనక్కి వేసి చతురంగ దండాసనం (మోచేతులు వంచి ఒళ్లంతా కర్రలా నేలకు సమాంతరంగా).
5. పూరకం: ఊర్ధ్వముఖ శ్వానాసనం (చేతులు నిటారుగా, ఛాతీ పైకి).
6. రేచకం: అధోముఖ శ్వానాసనం (నడుము పైకెత్తి ఒళ్లు తిరగేసిన V ఆకారంలో), ఇక్కడే 5 శ్వాసలు.
7. పూరకం: పాదాలు చేతుల మధ్యకు, తల పైకి.
8. రేచకం: ముందుకు వంగడం.
9. పూరకం: చేతులు పైకి. రేచకంతో సమస్థితి.

'బి'లో పదిహేడు. సాధారణంగా 'ఎ' 5 సార్లు, 'బి' 3 నుంచి 5 సార్లు, తర్వాత నిలబడి చేసే ఆసనాలు, కూర్చుని చేసేవి, చివరగా సర్వాంగాసనం, శీర్షాసనం వంటి ముగింపు వరుస, శవాసనం. కొత్తవాళ్లకు మొదటి రెండు వారాలు 'ఎ' 3 సార్లు, అయిదారు నిమిషాల శవాసనం. అంతే.

కదలిక శ్వాసను లాగకూడదు, శ్వాసే కదలికను నడపాలి. ఎలా తెలుస్తుందంటే, అధోముఖ శ్వానాసనంలో ఐదు శ్వాసల్లో మొదటిది, ఐదోది ఒకే నిడివిలో ఉండాలి. నోరు తెరిచి గాలి పీల్చాల్సొస్తే ఆ రోజుకు అక్కడే ఆపి శవాసనం.

#8 ఎముకలగూడు
పైదానికి గాయాల సంగతి కలుపుతున్నాను. ఈ పద్ధతిలో ఎక్కువగా దెబ్బతినేవి మూడు చోట్లు.

భుజం. చతురంగ దండాసనంలో భుజాలు మోచేతుల కంటే కిందికి పోతే ఎముక తల ముందుకు తోసుకొచ్చి అక్కడి స్నాయువుల్ని ఒత్తుతుంది. పూర్తి వరుసలో ఈ భంగిమ పదుల సార్లు వస్తుంది కాబట్టి చిన్న తప్పే పెద్దదవుతుంది. మోచేయి 90 డిగ్రీల దగ్గర ఆగాలి, పక్కటెముకలకు దగ్గరగా ఉండాలి. ఆగలేకపోతే మోకాళ్లు నేలకు ఆనించి చేయాలి. నడుము జారి పొట్ట ముందు నేలను తాకుతుంటే కూడా ఇదే మందు.

తొడ వెనుక కండరం పైకొస. పిరుదు కింద, కూర్చుంటే నేలకు ఆనే ఎముక దగ్గర సూదిలా గుచ్చే నొప్పి. వంగడం మొదలుపెట్టగానే వస్తుంది, ఎక్కువసేపు కూర్చున్నా వస్తుంది. చాలామంది బిగుసుకుందనుకుని ఇంకా సాగదీస్తారు, అదే తప్పు. సాగదీసిన కొద్దీ స్నాయువు ఎముకకు ఒరుసుకుని మరింత రేగుతుంది. ముందుకు వంగే ఆసనాలన్నీ మోకాళ్లు వంచి, పైపైన చేయాలి. వెల్లకిలా పడుకుని పాదాలు ఆనించి నడుము లేపడం లాంటి బలం పెంచే పని నెమ్మదిగా మొదలుపెట్టాలి. వారాలు కాదు, నెలలు పట్టొచ్చు.

మోకాలు. అర్ధబద్ధ పద్మంలోనూ, మరీచ్యాసనం రెండో, నాలుగో రకాల్లోనూ. పాదాన్ని తొడ మీదికి తెచ్చే తిప్పుడంతా తుంటి కీలులో జరగాలి. అక్కడ చాలకపోతే మెలిక మోకాలికి, చీలమండకు చేరుతుంది. పరీక్ష తేలిక: వెల్లకిలా పడుకుని ఒక మడమను రెండో తొడ మీద పెట్టండి. పైన పెట్టిన కాలి పిక్క అడ్డంగా హాయిగా నిలవకపోతే పద్మాసనం ఇప్పుడే వద్దు. మోకాలి లోపలి వైపు ఏ నొప్పి వచ్చినా ఆ క్షణమే బయటికి రావాలి. తొడలో వచ్చే లాగుడు ఒకటి, కీలులో వచ్చే నొప్పి ఒకటి; వీటి తేడా తెలుసుకోవడమే మొదటి పాఠం.

#9 ప్రశ్నలపుట్ట
గురువు వెనక నుంచి బలంగా నొక్కి ఆసనంలోకి దింపితే?

#10 ఎముకలగూడు
వద్దని చెప్పడం సాధకుడి హక్కు. చేయి దిశ చూపించాలి గానీ బరువు వేయకూడదు. పశ్చిమోత్తానాసనంలో వీపు మీద పడుకునేంత ఒత్తిడి పెడితే పైన చెప్పిన స్నాయువు, కింది వెన్నుపూసల మధ్య డిస్కు రెండూ ప్రమాదంలో పడతాయి.

#11 రేచకం
ప్రాణాయామం. ముందు హఠయోగ ప్రదీపిక హెచ్చరిక: సింహాన్ని, ఏనుగును, పులిని మచ్చిక చేసుకున్నట్టు వాయువును మెల్లమెల్లగా వశం చేసుకోవాలి, లేకపోతే సాధకుడినే చంపుతుంది (ఆ గ్రంథం రెండో అధ్యాయం, 15వ శ్లోకం). వెక్కిళ్లు, ఆయాసం, దగ్గు, తల, చెవి, కంటి నొప్పులు వస్తాయని ఆ వెనువెంటనే పట్టీ కూడా ఇచ్చింది.

కొత్తవాళ్లకు నాడీశోధన చాలు (పైన చెప్పిన ఆసనాల వరుస కాదు, ముక్కు రంధ్రాలు మార్చి ఊపిరి తీసుకోవడం), కుంభకం, అంటే ఊపిరి బిగబట్టడం, లేకుండా.

కుడిచేతి చూపుడు, మధ్య వేళ్లు అరచేతిలోకి మడవండి. బొటనవేలు కుడి ముక్కుకు, ఉంగరపు వేలూ చిటికెన వేలూ ఎడమ ముక్కుకు. ఎముక అయిపోయి మెత్తగా మొదలయ్యే చోట తాకితే చాలు, చిదమక్కర్లేదు. ముక్కు దూలం పక్కకి ఒరిగేలా నొక్కితే తెరిచి ఉన్న రంధ్రం కూడా మూసుకుంటుంది. మోచేయి పక్కటెముకలకు ఆననివ్వకండి, ఛాతీ ఒకవైపు నొక్కుకుంటుంది. అలాగని గాల్లో ఎత్తిపట్టి భుజం బిగించనూ వద్దు.

ఊపిరి పూర్తిగా వదిలి, ఎడమతో 4 సెకన్లు పీల్చాలి. ఎడమ మూసి కుడితో 6 సెకన్లు వదలాలి. కుడితో 4 పీల్చి ఎడమతో 6 వదలాలి. ఇది ఒక ఆవృత్తి, 20 సెకన్లు. 15 ఆవృత్తులంటే 5 నిమిషాలు, నిమిషానికి 6 శ్వాసలు పడతాయి. 4:6 కష్టమైతే 3:4 పెట్టుకోండి. లెక్క కోసం శ్వాసను లాగితే చివర్లో గబుక్కున మింగినట్టు పీలుస్తారు, అదే నిష్పత్తి ఎక్కువైందనడానికి గుర్తు.

జలుబుతో ఒక ముక్కు మూసుకుపోతే కుస్తీ వద్దు. కాసేపు తెరిచి ఉన్న ముక్కు వైపు ఒత్తిగిలి పడుకుంటే పైన ఉన్న రంధ్రం తరచుగా తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతే ఆ రోజు రెండు ముక్కులతోనే రేచకం పొడిగించి సరిపెట్టుకోండి.

#12 సూత్రధారి
కపాలభాతిని (పొట్ట లాగుతూ గాలిని వేగంగా బయటికి కొట్టడం) ప్రాణాయామంలో కలిపేస్తున్నారు అందరూ. ప్రదీపికలో అది ధౌతి, వస్తి, నేతి, త్రాటకం, నౌళిలతో పాటు షట్కర్మల్లో ఒకటి, శుద్ధి క్రియ.

#13 రేచకం
అవునండీ. గర్భిణులు, అదుపులో లేని రక్తపోటు, గుండెజబ్బు, హెర్నియా, మూర్ఛ, గ్లకోమా, ఈమధ్య పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు దాని జోలికి పోకూడదు. వేగంగా, లోతుగా ఊపిరాడితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి వేళ్లు, పెదాల చుట్టూ చీమలు పాకినట్టుంటుంది, తల తేలిపోతుంది. కొందరు దాన్ని కుండలిని లేచిందని మురుస్తారు. ఆపి మామూలుగా ఊపిరి తీసుకుంటే నిమిషాల్లో పోయే కుండలిని అది.

#14 కూర్చునేకళ
హహ్హ. ఇది చాలామందికి పంపాలి.

#15 మౌనవీధి
లోపలి అంగాలు. ప్రత్యాహారం అంటే చెవులు మూసుకోవడం కాదు. శబ్దం వినిపిస్తుంది, దాని వెంట మనసు పోదు. అభ్యాసానికి శవాసనమే మంచి చోటు: కుడి కాలి బొటనవేలి నుంచి నడినెత్తి దాకా ఒక్కో భాగం మీద రెండేసి శ్వాసల సేపు ధ్యాస పెట్టడం, 10 నిమిషాలు.

ధారణ: చిత్తాన్ని ఒకచోట కట్టడం (3.1). ముక్కు కొన దగ్గర గాలి తాకే స్థలం తీసుకోండి. రేచకానికి ఒకటి చొప్పున 1 నుంచి 10 దాకా లెక్క, మళ్లీ 1. లెక్క తప్పితే ఎక్కడ తప్పిందో వెతక్కుండా 1కి రావాలి. 14, 15 అని పోతున్నారంటే నోరు లెక్కపెడుతోంది, మనసు ఎక్కడో ఉంది. ఆ ఒక్క దాని మీదే ధ్యాస తెగకుండా సాగితే ధ్యానం (3.2). వస్తువు మాత్రమే మిగిలి, 'నేను ధ్యానిస్తున్నాను' అన్న ఎరుక కూడా లేనట్టయితే సమాధి (3.3). చేసేది ధారణే, తర్వాతివి వాటంతటవే రావాలి. 'రేపటి నుంచి ధ్యానం చేస్తాను' అనే మాట అందుకే నాకు కాస్త విడ్డూరంగా ఉంటుంది.

ఎదురయ్యే తొమ్మిది విఘ్నాలు 1.30లో ఉన్నాయి. అందులో స్త్యానం, అంటే మనసు మొద్దుబారడం, ఎక్కువమందిని పడగొడుతుంది. తల వాలిపోతుంటే కళ్లు సగం తెరిచి ఒకటిన్నర మీటర్ల దూరంలో నేలను చూడండి. అప్పటికీ నిద్ర వస్తే అది ధ్యాన సమస్య కాదు, నిద్ర చాలకపోవడం. పడుకోండి.

#16 ప్రశ్నలపుట్ట
ప్రయోజనాలు కూడా ఎవరైనా కుండబద్దలు కొట్టినట్టు చెప్పండి. షుగరు, బీపీ, థైరాయిడ్ అన్నీ పోతాయనే పట్టీలు చూసి విసుగొచ్చింది.

#17 ఎముకలగూడు
పోతాయని చెప్పను. గట్టి ఆధారం ఉన్నది దీర్ఘకాలిక నడుము నొప్పికి. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ ఇచ్చిన మార్గదర్శకాలు మందులకంటే ముందు ప్రయత్నించదగ్గ వాటిలో యోగాను చేర్చాయి. ఫలితం ఓ మాదిరిగానే ఉంటుంది, ఇతర వ్యాయామాల కంటే అద్భుతంగా ఏమీ ఉండదు. రక్తపోటు కొంత తగ్గొచ్చు, అయినా డాక్టరు చెప్పకుండా మాత్ర ఆపకూడదు. థైరాయిడ్ గ్రంథి మీద సర్వాంగాసనం మీట నొక్కినట్టు పనిచేస్తుందనేది నమ్మదగ్గ మాట కాదు.

తూలిపడకుండా నిలబడే శక్తి, కీళ్ల కదలిక, కాళ్ల బలం మాత్రం క్రమం తప్పని సాధనతో స్పష్టంగా పెరుగుతాయి. బరువు తగ్గడానికి ఇదొక్కటే నమ్ముకోవద్దు.

#18 రేచకం
నిదాన శ్వాస సంగతి ఎవరికి వాళ్లే చూసుకోవచ్చు. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని కూర్చోండి. పీల్చేటప్పుడు నాడి కొంచెం వేగంగా, వదిలేటప్పుడు నెమ్మదిగా కొట్టుకుంటుంది. రేచకంలో వేగస్ నరం (మెదడు నుంచి గుండెకు వెళ్లే నరం) గుండెకు కళ్లెం వేస్తుంది కాబట్టి అలా. నిమిషానికి 6 శ్వాసల దగ్గర ఈ హెచ్చుతగ్గు బాగా పెరుగుతుంది. పరీక్షకు ముందు, గొడవ తర్వాత, నిద్ర పట్టనప్పుడు 5 నిమిషాలు చేస్తే ఒంట్లో బిగువు దిగడం తెలుస్తుంది.

#19 మౌనవీధి
పతంజలి చెప్పిన ఫలాలు వేరే జాతివి: ఆసనం వల్ల ద్వంద్వాలను ఓర్చుకోవడం, ప్రాణాయామం వల్ల ధారణకు మనసు తగినదవడం (2.53), సంతోషం వల్ల సాటిలేని సుఖం (2.42). వీటిని రక్తపరీక్షలో వెతక్కూడదు.

#20 వేకువచుక్క
చాలా బాగా నడుస్తోంది. 45 నిమిషాలే దొరికేవాళ్ల కోసం ఒక క్రమం ఎవరైనా ఇస్తారా? కొత్తవాళ్లు ఇదే అడుగుతారు.

#21 విన్యాసం9
సూర్యనమస్కారం 'ఎ' 5, 8 నిమిషాలు. పాదాంగుష్ఠాసనం, త్రికోణాసనం, పార్శ్వకోణాసనం, ప్రసారిత పాదోత్తానాసనం, ఒక్కో వైపు 5 శ్వాసలు, 8 నిమిషాలు. దండాసనం, పశ్చిమోత్తానాసనం, పూర్వోత్తానాసనం, జానుశీర్షాసనం, 7 నిమిషాలు. శవాసనం 7. నాడీశోధన 5. ధారణ 10. శీర్షాసనాన్ని కావాలనే వదిలేశాను.

టైం తగ్గితే ఆసనాలు తగ్గించండి గానీ శవాసనాన్ని కోయకండి. అందరూ కోసేది దాన్నే.

#22 ప్రశ్నలపుట్ట
శీర్షాసనం వదలడానికి కారణం? ఇంకా, భోజనం, నెలసరి రోజుల సంగతి.

#23 ఎముకలగూడు
తలకిందులైతే కంటి లోపలి పీడనం దాదాపు రెట్టింపవుతుంది. గ్లకోమా, రెటీనా సమస్య ఉన్నవాళ్లకు అది పూర్తిగా నిషిద్ధం. అదుపులో లేని రక్తపోటు, మెడ డిస్కు సమస్య ఉన్నా అంతే. మిగతావాళ్లు కూడా బరువంతా ముంజేతులే మోసేంత బలం వచ్చాక, దగ్గరుండి చూసే గురువు దగ్గరే నేర్చుకోవాలి. సర్వాంగాసనానికి భుజాల కింద మూడు, నాలుగు దుప్పట్ల మడత పెట్టి, తల కింద నేలకు ఆనేలా వదిలితే మెడ మీద వంపు తగ్గుతుంది. పైకి లేచాక తల పక్కకు తిప్పకూడదు.

#24 విన్యాసం9
పూర్తి భోజనానికి 4 గంటలు, తేలికపాటి దానికి 2 గంటలు ఎడం. నెలసరిలో మైసూరు సంప్రదాయం మొదటి మూడు రోజులు విశ్రాంతి అంటుంది. హాని జరుగుతుందని కాదు. ఒంటికి బాగుంటే తేలికపాటి సాధన చేసుకోవచ్చు. అదే సంప్రదాయం పౌర్ణమి, అమావాస్యలకు కూడా సెలవు ఇస్తుంది. గర్భం వచ్చాక కొత్తగా ఈ వరుస మొదలుపెట్టొద్దు.

#25 నిదానమే
ఆ సెలవు రోజుల్లో రాసుకున్న రెండేసి వరుసలు ఒకసారి తిరగేయండి. వాటికి మ్యాట్ అక్కర్లేదు.